ఆరు గడుల కాపురం

నవ్వితే నవ్వారు గానీ, మధ్యలో లేచిపోకుండా పూర్తిగా వినండి. మా పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఈ ఇరవై రెండేళ్ళలో మా ఇంట్లో జరిగిన ప్రతి పోట్లాటలోనూ నేనే ఓడిపోయాను. ఇందులో దాపరికం ఏమీ లేదు, మా పక్క వాటా వాళ్ళని అడిగినా చెప్తారు. అలాంటి నేను ఈ మధ్య వరసగా రెండు వారాలు గెలిచాను. ఎలా గెలిచానో, ఆ తర్వాత ఏమైందో మీతో చెప్పుకుంటే గానీ నా మనసు కుదుటపడదు.

నేను భాష నేర్పే మాస్టారిని. బళ్ళో పిల్లలకి కాదు. పని కోసం వేరే దేశాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దవాళ్ళకి సాయంత్రం పూట మన భాష నేర్పుతాను. లైబ్రరీ పై అంతస్తులో ఒక గది, పదకొండు కుర్చీలు, పదకొండు మంది. ఒక బస్సు డ్రైవరు, ఒక నర్సు, ఒక బేకరీ ఆయన, ఇంకా అలాంటివాళ్ళు. పగలంతా కష్టపడి వస్తారు కాబట్టి నా పాఠాల్లో కాస్త కునుకు తీసినా నేను ఏమీ అనను. వాళ్ళు కూడా నన్నేమీ అనరు. అలా సామరస్యంగా ఆరు నెలలు గడిచిపోయాయి.

అప్పుడు వచ్చింది టిక్కు మేడమ్. మా పై అధికారి. ఎప్పుడూ చేతిలో ఒక అట్ట, దాని మీద కాగితం, కనిపించిన ప్రతిదానికీ టిక్కో, ఇంటూనో పెడుతుంది. ఒకసారి మెట్ల మీద నాకు ఎదురై, నమస్కారం అందుకుని, కాగితం మీద ఏదో పెట్టుకుని వెళ్ళిపోయింది. అది టిక్కో, ఇంటూనో ఈనాటికీ తెలియదు.

"మాస్టారూ, వచ్చే నెల మొదటి గురువారం మీ తరగతిలో కూర్చుంటాను" అంది. "మీవాళ్ళు పుస్తకం చూడకుండా పది నిమిషాలు మాట్లాడితే తరగతి ఉంటుంది. లేకపోతే ఆ గదిలో కంప్యూటర్లు పెట్టి రికార్డు చేసిన పాఠాలు వినిపిస్తాం."

"మరి నేను?" అన్నాను.

"మీరు కూడా వచ్చి వినొచ్చు. ఫీజు లేదు."

అలా అని, ఆఫీసు వాళ్ళు కొత్తగా కొన్న స్టోరీబోర్డు ప్రోగ్రామును నా నెత్తిన పెట్టి, దాంతోనే నేర్పాలని చెప్పి వెళ్ళింది. ఈ ఉద్యోగం ఊడే సంగతి తరగతిలో చెప్పాను గానీ, ఇంట్లో చెప్పలేదు. మొగుడన్నాక కాస్త పరువు ఉండాలి కదా. చెప్పుకోదగ్గ తెలివితక్కువ పనుల్లో అది మొదటిది.

స్టోరీబోర్డు అంటే ఏమిటో చెప్తాను. తెర మీద ఆరు గడులు ఉంటాయి. ఒక్కో గడిలో మనకి నచ్చిన గది పెట్టుకోవచ్చు, మనుషుల్ని పెట్టుకోవచ్చు, వాళ్ళ నెత్తి మీద బుడగలు పెట్టి మాటలు రాసుకోవచ్చు. ఒకే మనిషికి నలభై రకాల ముఖాలు ఉంటాయి, కోపం, సంతోషం, సిగ్గు, అనుమానం. నచ్చని మాటని వెనక్కి తీసుకోవడానికి ఒక బటన్ కూడా ఉంది. ఆ బటన్ ఇంట్లో కూడా ఉంటే నా జీవితం వేరేగా ఉండేది.

ఇన్ని ఉన్నాయి గానీ, కథ మాత్రం అది ఇవ్వదు. కథ మనమే అల్లుకోవాలి. నాకు వ్యాకరణం వచ్చు, కథ రాదు. అయినా ఒకటి చేశాను. ఒకాయన మార్కెట్టుకి వెళ్ళాడు. టమాటాలు కొన్నాడు. ఇంటికి వచ్చాడు.

నర్సు చెయ్యెత్తింది. "తర్వాత, సార్?"

"తర్వాత ఏముంది, వచ్చేశాడు."

బస్సు డ్రైవరు అప్పటికే నిద్రపోయాడు.

ఆ సాయంత్రం వాన. ముద్దగా తడిసి ఇంటికి చేరాను. మా ఆవిడ తలుపు తీసి, నా చేతుల వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు.

"గొడుగేది?" అంది.

"ఉంది. బస్సులో ఉంది."

"ఇది ఎన్నోదండీ?"

"ఐదోది. అందులో ఒకటి గాలికి ఎగిరిపోయింది, దాన్ని లెక్కలో వెయ్యకూడదు."

"గొడుగులు మీతో బయటికైతే వెళ్తాయి గానీ, కాపురానికి మాత్రం తిరిగిరావు" అంది.

తల వంచుకుని నిలబడ్డానా, అప్పుడు వెలిగింది నా బుర్రలో దీపం. ఇంత మంచి వాక్యం మన ఇంట్లో రోజూ ఊరికే పోతోందే అనిపించింది. ఇంటి నిండా కథలు పెట్టుకుని టమాటాల వెంట పడ్డానేమిటి అనుకున్నాను.

మర్నాటి నుంచి భోజనాల బల్ల దగ్గర నోటుపుస్తకం పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. పేపర్లు దిద్దుకుంటున్నానని చెప్పాను. ఇక కావాలని తగువులు తెచ్చుకోవడమే. నాలుగు నెలలుగా కారుతున్న స్నానాలగది కుళాయి గురించి నేనే కదిపాను.

"ప్లంబరుని పిలుద్దామనే అనుకుంటున్నానోయ్, కుదరడం లేదు."

"మీకంటే ఆ కుళాయే నయం" అంది మా ఆవిడ. "అడక్కుండానే ఏదో ఒకటి చేస్తోంది."

"మళ్ళీ అను. సరిగ్గా వినపడలేదు."

"వినపడలేదా, రాసుకోవడం అవ్వలేదా?"

తల ఎత్తకుండా, "ఈ పేపర్లో ఎవరో చాలా తప్పులు చేశారోయ్" అన్నాను.

"ఎవరో నాకు తెలుసులెండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇంకో రోజు నేను స్వయంగా గోడకి బిగించిన అర సంగతి ఎత్తాను. అది కాస్త వాలుగా వచ్చిన మాట నిజమే. దానికి ఆవిడ, "ఆ అరలో డబ్బాలు పెడితే మళ్ళీ తీసుకోనక్కర్లేదు, వాటంతటవే చేతిలోకి వస్తాయి" అంది. ఎంత చక్కగా ఉందో చూడండి. చేదర్థకం, భవిష్యత్ కాలం అన్నీ వచ్చేశాయి.

ఇక బొమ్మల సంగతి. భర్తకి నీలం చొక్కా తొడిగాను. ఒత్తుగా జుట్టు పెట్టాను. జుట్టు విషయంలో ఆ ప్రోగ్రాము చాలా ఉదారంగా ఉంటుంది. భార్యకి పచ్చ స్వెట్టరు. ఇద్దరినీ గదిలో నిలబెట్టి, బుడగలు తగిలించేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మా ఆవిడ అన్న మాటలన్నీ నీలం చొక్కాకి ఇచ్చేశాను. నేను నీళ్ళు నములుతూ అన్న మాటలన్నీ పచ్చ స్వెట్టరుకి ఇచ్చాను.

దొంగతనం అనకండి. ఒకే ఇంట్లో ఈ గదిలో వస్తువు ఆ గదిలో పెడితే దొంగతనం అవుతుందా?

తరగతిలో ఆ రోజు ఎవరూ నిద్రపోలేదు. తెర మీద పచ్చ స్వెట్టరు ఆవిడ కుళాయి గురించి సాకులు చెప్తుంటే, నీలం చొక్కా ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని, "నీకంటే ఆ కుళాయే నయం" అన్నాడు. పదకొండు మందీ నవ్వారు. బస్సు డ్రైవరు ఆ వాక్యాన్ని పెదవులు కదుపుతూ ఏడుసార్లు చెప్పుకున్నాడు. బేకరీ ఆయన, "సార్, ఈ భర్త చాలా తెలివైనవాడు" అన్నాడు. ఆ మాట విని ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు. తర్వాతి వారం అర కథతో కూడా నేనే గెలిచాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా ఆవిడ వీధి మలుపులో మందుల షాపులో పని చేస్తుంది. ఆవిడ నా భార్య అని నా విద్యార్థులకి తెలియదు. ఒక రోజు బస్సు డ్రైవరు ఏవో బిళ్ళల కోసం అక్కడికి వెళ్ళాడు. అవి రాలేదు, రేపు రమ్మంది. రేపు వెళ్తే ఎల్లుండి రమ్మంది. మూడోసారి కూడా అదే మాట అనేసరికి, మన డ్రైవరు మొహం నిండా నవ్వు పులుముకుని, ఎంతో మర్యాదగా ఇలా అన్నాడట.

"మేడమ్, మీ షాపు కంటే మా ఇంట్లో కుళాయి నయం. అడక్కుండానే ఏదో ఒకటి చేస్తోంది."

మా ఆవిడ చేతిలో మందుచీటీ చేతిలోనే ఉండిపోయిందట. "ఈ మాట ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడిగింది. పాపం, మెచ్చుకుంటోందనుకుని అతను గర్వంగా ఫోన్ తీసి ఆరు గడులూ చూపించాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో గడీ పెద్దది చేసి చూసిందట. నీలం చొక్కా జుట్టు దగ్గర చాలాసేపు ఆగిందట.

ఆ సాయంత్రం నాకు టీ తెచ్చి ఇచ్చింది. అడక్కుండా.

"పాఠాలు బాగా సాగుతున్నాయా?" అంది.

"అదరగొడుతున్నాను."

"మంచిది" అంది.

ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నవాడికి ఆ 'మంచిది' విని ఒళ్ళు జలదరించాలి. నేను బిస్కెట్టు అడిగాను.

అది మొదలు మా ఇంట్లో పోట్లాటలు ఆగిపోయాయి. కుళాయి గురించి కదిపితే, "పోనీలెండి, నీళ్ళే కదా" అంది. కావాలని కప్పు పగలగొడితే, "చెయ్యి తెగలేదు కదా" అని చీపురు తెచ్చి ఊడ్చింది. మూడు రోజులు నోటుపుస్తకం ఖాళీ. ముడిసరుకు రావడం ఆగిపోయింది. ఇటు చూస్తే గురువారం తరుముకొస్తోంది.

మిగిలింది గొడుగు కథ ఒక్కటే. అన్నిటికంటే బాగుందని పరీక్ష రోజుకి దాచుకున్నాను. ఐదు గడుల్లో పచ్చ స్వెట్టరు ఆవిడ గొడుగు పోగొట్టుకుని రావడం, నీలం చొక్కా ఆయన గడ్డి పెట్టడం. ఆరో గడికి సరుకు చాలలేదు. అందుకని ఆవిడ నెత్తి మీద ఖాళీ బుడగ పెట్టి, దాన్ని ఇంటిపనిగా ఇచ్చేశాను.

"చివర్లో భార్య క్షమాపణ చెబుతుంది. ఆ వాక్యం ఎవరికి వాళ్ళు సొంతంగా రాసుకు రావాలి. గురువారం అందరి ముందూ చదవాలి" అన్నాను.

గురువారం వచ్చింది. టిక్కు మేడమ్ వెనక కుర్చీలో కూర్చుని, గోడకి ఒకటి, కిటికీకి ఒకటి టిక్కు పెట్టింది. నేను గొడుగు కథ తెర మీద పెట్టి, ఐదు గడులూ చదివించి, బస్సు డ్రైవరుని లేపాను. అతను ఫోనులో తన ఆరో గడిని తెర మీదికి పంపాడు.

పచ్చ స్వెట్టరు ఆవిడ నెత్తి మీద బుడగలో ఇలా ఉంది: "గొడుగు పోగొట్టింది ఎవరు? నా కళ్ళలోకి చూసి చెప్పండి."

"ఇది క్షమాపణ కాదే" అన్నాను నవ్వడానికి ప్రయత్నిస్తూ. "పొరపాటు పడ్డారు. తర్వాతివారు."

బేకరీ ఆయన గడి వచ్చింది. అందులో నీలం చొక్కాకి జుట్టు లేదు. చెవుల మీద మాత్రం రెండు కుచ్చులు మిగిలాయి. చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టి ఉన్నాయి. నేను గబుక్కున నా చొక్కా చూసుకున్నాను. పచ్చ స్వెట్టరు ఆవిడ, "నా మాటలు నాకిచ్చెయ్యండి, మీవి మీరు తీసుకోండి" అంటోంది.

"ఇదీ తప్పే" అన్నాను.

వెనక నుంచి పెన్ను కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "మాస్టారు తప్పంటున్నారు" అంది టిక్కు మేడమ్. "మీరేమంటారు?"

ఆరు నెలల్లో 'అవును సార్' తప్ప ఇంకో ముక్క మాట్లాడని బస్సు డ్రైవరు లేచి నిలబడ్డాడు. "తప్పు కాదు మేడమ్. ఆమె గొడుగు పోగొట్టలేదు. మరి ఎందుకు క్షమాపణ చెప్పాలి?"

"కథలో పోగొట్టిందయ్యా" అన్నాను.

"కథ అబద్ధం చెప్తోంది సార్" అంది నర్సు.

అక్కడితో మొదలైంది. బేకరీ ఆయన లేచి, ఐదు గొడుగులు పోగొట్టినవాడు తెలివైనవాడు కాదని, తను మొదట పొరబడ్డానని అన్నాడు. ఇంకొకావిడ, ఆ భార్య ఇన్నేళ్ళు ఎలా వేగిందో అంది. ఆ పక్కాయన, భర్తకి కూడా కష్టాలుంటాయి, ఒక్కసారి విందామన్నాడు. నలుగురు అతని మీద పడ్డారు. పుస్తకాలు ఎవరి దగ్గరా లేవు. ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతూ, చేతులు ఊపుతూ, అచ్చం మా ఇంట్లోలాగే మాట్లాడుతున్నారు. నా వైపు మాట్లాడేవాడు ఒక్కడు కూడా మిగలకపోయేసరికి నాకు ఉక్రోషం వచ్చింది.

"ఆ రోజు బస్సులో ఎంత రద్దీగా ఉందో మీకేం తెలుసు?" అన్నాను. "కాలు పెట్టడానికి చోటు లేదు. దిగే తొందరలో మర్చిపోయాను."

పదకొండు తలలూ నా వైపు తిరిగాయి.

"ఏ రోజు మాస్టారూ?" అంది టిక్కు మేడమ్.

"ఏ నంబరు బస్సు సార్?" అన్నాడు డ్రైవరు, నిజంగా సాయం చేద్దామనే.

నేను జవాబు చెప్పేలోపు నర్సు తన గడి పంపింది. బట్టతల ఆయన తడిసి ముద్దై గుమ్మంలో నిలబడ్డాడు. పచ్చ స్వెట్టరు ఆవిడ చేతిలో తువ్వాలు ఉంది. బుడగలో ఇలా ఉంది: "గొడుగు పోతే పోయింది. ముందు తల తుడుచుకోండి, జలుబు చేస్తుంది."

ఆ రోజు గొడవ చివర్న మా ఆవిడ అన్నది సరిగ్గా ఆ మాటే. మీకు కూడా నేను చెప్పలేదు చూడండి. తల కూడా తనే తుడిచింది. గెలవడానికి పనికిరాదని ఆ మాట నేను నోటుపుస్తకంలో రాసుకోలేదు. మా గుమ్మంలో ఇద్దరం తప్ప ఇంకెవరూ వినలేదు. తెర మీద దాన్ని చూసేసరికి నాకు అంతా అర్థమైంది. తలెత్తి చూడలేకపోయాను, సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇరవై ఆరు నిమిషాలు" అంది టిక్కు మేడమ్ గడియారం చూసుకుని. "పది చాలన్నాను. మాస్టారుతో వాదించే తరగతి నేను ఇంతవరకు చూడలేదు. ఇది కొనసాగుతుంది. ఈ మాటలు రాసింది ఎవరు?"

నా నోరు 'నేనే' అనడానికి తెరుచుకుంది. అబద్ధం ఎందుకు, తెరుచుకుంది. కానీ తువ్వాలు పట్టుకున్న ఆ బొమ్మ ఎదురుగా ఉండగా మాట బయటికి రాలేదు.

"మా ఆవిడండీ" అన్నాను.

పదకొండు మందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "మందుల షాపు మేడమ్ మీ భార్యా సార్?" అన్నాడు డ్రైవరు. తర్వాత నా తల వంక చూసి, మెల్లగా, "అవును, సరిపోయింది" అన్నాడు.

తర్వాత అడిగితే తేలిందేమిటంటే, మందుల షాపు మేడమ్ ఇలాంటి వాక్యాలకి బాగా సాయం చేస్తుందని డ్రైవరు చెప్పడంతో, ఇంటిపని ఇచ్చిన మూడు రోజుల్లో అందరూ వరసగా ఆ షాపుకి వెళ్ళారట. ఊరికే అడిగితే బాగుండదని ఒక్కొక్కరు ఒక్కో దగ్గుమందు సీసా కొన్నారట. క్లాసులో ఒక్కడికీ దగ్గు లేదు.

గది సర్ది ఆలస్యంగా ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ భోజనాల బల్ల దగ్గర ఏదో కాగితం మీద సంతకం పెడుతోంది.

"ఎప్పటినుంచి తెలుసు?" అన్నాను.

"కుళాయి నాటి నుంచి."

"అప్పుడే నన్ను దులిపెయ్యొచ్చుగా."

"దులపాలనే బయల్దేరాను" అంది. "ఈలోగా ఆ డ్రైవరు గారు చెప్పారు, గురువారం తాము మాట్లాడకపోతే తమ సారు ఉద్యోగం పోతుందని. ఆయన చాలా మంచివారు మేడమ్ అని కూడా అన్నారు. నా మొగుడి ఉద్యోగం పోతోందని నాకు బస్సు డ్రైవరు చెప్పాలా?"

నేను సంచీ కింద పెట్టాను.

"మీరు వాళ్ళని క్షమాపణ రాసుకు రమ్మన్నారు" అంది మా ఆవిడ. "క్షమాపణ ఒక్క ముక్కతో అయిపోతుందండీ. తర్వాత ఎవరు ఏం మాట్లాడతారు? పది నిమిషాలు నోరు విప్పాలంటే పోట్లాట కావాలి. పోట్లాడాలంటే మాట వాళ్ళకి అన్యాయం అనిపించాలి. మీ కథలో అన్యాయం బోలెడంత ఉంది, నేను చూపించానంతే."

ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్తున్నాను. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

"ఆ కాగితం ఏమిటి?" అన్నాను.

"మీ టిక్కు మేడమ్ క్లాసు నుంచి తిన్నగా షాపుకి వచ్చారు. వారానికి రెండు సాయంత్రాలు సంభాషణ క్లాసు నన్ను చెప్పమన్నారు. కథలు నావి. బొమ్మలు పెట్టడం, గడులు సర్దడం మీరు."

"అంటే నీకు నేను సహాయకుణ్ణా?"

"కాగితంలో అలాగే రాశారు."

కుర్చీలో కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచక, "తప్పయిపోయిందోయ్. నీ మాటలు నీకు చెప్పకుండా వాడుకున్నాను. ఉద్యోగం సంగతి దాచాను" అన్నాను. ఈసారి నోటుపుస్తకం దగ్గర లేదు.

ఆవిడ కంప్యూటర్ నా వైపు తిప్పింది. తెర మీద ఆరు గడులు, ఆరింటిలోనూ బట్టతల ఆయన, ఆరు ఖాళీ బుడగలు.

"మొదటి వారం పాఠం" అంది. "భర్త క్షమాపణ చెప్తాడు. ఆరు గడుల్లో ఆరు రకాలుగా. ఇప్పుడన్నది మొదటి దాంట్లో రాయండి, అది బాగానే ఉంది."

"మరి మిగతా ఐదు?"

"గొడుగులు ఎన్ని పోయాయండీ?" అంది.